సీలింగు స్పీకర్లు, హరిబాబు గొంతు

గజపతినగరంలో చింతపండు హరిబాబుని ఎరగనివాళ్ళు లేరు. ఆయన గొంతు విన్నవాళ్ళు మాత్రం బహు తక్కువ. కొండమీదనుంచి దిగే చింతపండూ పసుపూ కొని విజయనగరం, విశాఖపట్నం షావుకార్లకి అమ్మే వ్యాపారం వాళ్ళది, తాతలనాటిది. తండ్రి ఆయనకి నేర్పినవి రెండే సూత్రాలు. ధర మెల్లిగా చెప్పాలి, పక్క కొట్టువాడు వినకూడదు. ధర ఒక్కసారే చెప్పాలి, రెండోసారి చెప్పేవాడి అవసరం ఎదటివాడికి తెలిసిపోతుంది. హరిబాబు వీటిని ఎంత నిష్ఠగా పట్టుకున్నాడంటే, బేరం ముగించి బయటికొచ్చిన రైతు "ఇంతకీ బాబు ఏటన్నాడు?" అని గుమస్తాని అడిగేవాడు. ఆ ఒత్తు మీసం కింద పెదవి కదిలిందో లేదో కూడా తెలిసేది కాదు.

కొట్లో ఈ పద్ధతి అన్నం పెట్టింది. ఇంట్లోనూ అదే గొంతుతో బతికాడు మహానుభావుడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

భార్య అనూరాధ ఆమదాలవలస ధాన్యం వర్తకుల ఇంటి ఆడపడుచు. కాపురానికి వచ్చిన కొత్తలో మాటకి మాట తగిలించేది, పప్పు రుబ్బుతూ పాటలు పాడేది. ఇప్పుడు ఆరేడేళ్ళుగా మొగుడు ఏమన్నా పలకదు. ఎదురుపడి అడిగితే ఊఁ అంటుంది, ఆఁ అంటుంది. వెనకనుంచి అడిగితే అదీ లేదు. కోడలు అరుణశ్రీ పిలిస్తే మాత్రం వంటింట్లోంచి "వస్తన్నానమ్మా" అని ఠక్కున పలుకుతుంది. కోడలికి పలికి మొగుడికి పలకనిదాన్ని ఏమనాలి? పొగరనాలి. హరిబాబు అదే అనుకున్నాడు, అనుకుని తనూ పిలవడం మానేశాడు. మంచినీళ్ళు కావాలన్నా కోడలికే చెప్పేవాడు. ఇంకో రెండు ముద్దలు తినమని మొగుడికి చెప్పాలన్నా అనూరాధ కోడలి నోటే చెప్పించేది. పాపం ఆ అరుణశ్రీ డిగ్రీ చదివి ఈ ఇంటికి తపాలా బంట్రోతుగా వచ్చినట్టయింది.

ఈ పొగరుకి హరిబాబు దగ్గర రెండు రుజువులున్నాయి.

మొదటిది కూతురు సింధూరి సంగతి. ఆ పిల్లకి సంబంధం తెచ్చింది అనూరాధ అన్న లక్ష్మణరావు. మంచి సంబంధమే అనుకున్నారందరూ. ఏడాది తిరక్కుండా పిల్ల పెట్టె పట్టుకుని వెనక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం అనూరాధ పొయ్యి వైపు తిరిగి నించుంటే, హరిబాబు వంటింటి గుమ్మంలో నిలబడి, గుండె చిక్కబట్టుకుని ఒక మాట అన్నాడు. "నీ తప్పేటీ నేదు. మీ అన్న తప్పూ నేదు. మన పిల్ల మనకొచ్చీసింది, అంతే." పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్యతో అంత పెద్ద మాట ఆయన అని ఎరగడు. అనూరాధ తిరిగి చూడలేదు. మూకుట్లో నూనె కాగుతూనే ఉంది. మాట రెండోసారి చెప్పడం వాళ్ళ ఇంటావంటా లేదు కాబట్టి, హరిబాబు వెనక్కి వచ్చేసి ముసుగుతన్ని పడుకున్నాడు. సింధూరి తర్వాత నిలదొక్కుకుంది. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ దర్జాగా ఉంది. అమ్మానాన్నల మధ్య మాట మాత్రం ఆరోజే ఆగిపోయింది.

రెండో రుజువు ఇంకా గట్టిది. నాలుగేళ్ళ కిందట లక్ష్మణరావుకి జబ్బు ముదిరిందని, ఆఖరి చూపు చూసుకోమని ఆమదాలవలసనుంచి కబురొచ్చింది. అనూరాధ కొట్టు వెనక గుమ్మంలోకి వచ్చి, అన్నయ్యని చూసొస్తానని అడిగింది. హరిబాబు అప్పుడు కాటా పక్కన వంగి పసుపు బస్తా మూతి కడుతున్నాడు. తలెత్తకుండానే "పద, నేనూ వస్తాను" అన్నాడు. లేచి స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, కారు పిలిపించి, వీధరుగుమీద కూర్చున్నాడు. ఆవిడ రాలేదు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మధ్యాహ్నం దాకా చూసి చూసి కారు వెనక్కి పంపేశాడు. మర్నాడు లక్ష్మణరావు పోయాడు. తోడబుట్టినవాడు చావుబతుకుల్లో ఉంటే గడప దాటి రాని మనిషిది మనసా, రాయా? రాయితో మాటలేమిటని హరిబాబు తీర్మానించుకున్నాడు. అప్పట్నుంచీ ఆ తీర్మానం మీదే కాపురం నడుస్తోంది.

ఇలా ఉండగా కొడుకు ప్రదీప్ మేడమీద కొత్త హాలు వేయించాడు. హాలుకి ఫాల్స్ సీలింగు, సీలింగులో స్పీకర్లు ఉండాలని వాడి కోరిక. నేలమీద డబ్బాలు కనపడకూడదు, గోడకి మేకులుండకూడదు, పాట పైనుంచి వానలా కురవాలి అన్నాడు. తీరా కొని తెచ్చుకున్నాక దుమ్ము ఎవరు తుడుస్తారని హరిబాబు సణిగాడు. ఈశాన్యం మూల పైకప్పుకి చిల్లు పెడితే ఇల్లు అచ్చిరాదని సిద్ధాంతిగారి చేత కూడా చెప్పించాడు. సరే, ఈశాన్యం వదిలేద్దాం నాన్నా అన్నాడు కొడుకు. ఇక అడ్డు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఒక ఉదయం తండ్రీ కొడుకూ కోడలూ విజయనగరం బయల్దేరారు. అనూరాధ రానంది. నాకవన్నీ ఏటి తెలుస్తాయమ్మా, మీరెల్లండి అని కోడలితో చెప్పింది.

గంటస్తంభం దగ్గర స్పీకర్ల షాపు కళ్యాణ్‌ది. మాటల పుట్ట. ఎనిమిదంగుళాలది ఒకటి, ఆరున్నర అంగుళాలది ఒకటి సీలింగుకి బిగించి చూపించాడు. హాలు పెద్దది కాబట్టి పెద్దవే తీసుకుందామని ప్రదీప్ అంటే, సైజు సంగతి తర్వాత, ముందు మనుషుల సంగతి చెప్పండన్నాడు. స్పీకరు నడినెత్తిన పెడితే గుళ్ళో గంట కింద కూర్చున్నట్టు ఉంటుందట. అందుకని దాన్ని కూర్చునే చోటికి కొంచెం ముందుకి జరపాలి. గోడకి కనీసం రెండడుగులు ఎడం ఉండాలి, లేకపోతే మాట గోడకి తగిలి ముద్దయిపోతుంది. ఫ్యానుకి దగ్గరైతే రెక్కలు మాటని ముక్కలు ముక్కలుగా కోస్తాయి. వైర్లు జిప్సం బోర్డులు వెయ్యకముందే లాగెయ్యాలి. ఇదంతా చెప్పి, కాగితం మీద హాలు గీసి, ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో చెప్పమన్నాడు.

ప్రదీప్ సోఫాలో. అరుణశ్రీ వాడి పక్కన. హరిబాబు వాలుకుర్చీ బాల్కనీ తలుపు దగ్గర. మరి అమ్మగారు అన్నాడు కళ్యాణ్. కొడుకు తండ్రివైపు చూశాడు. హరిబాబుకి గుర్తు రాలేదు. ముప్ఫై ఏళ్ళు దాటిన కాపురంలో ఆవిడ సాయంత్రం పూట ఎక్కడ కూర్చుంటుందో ఆయనకి తెలియదు. అరుణశ్రీయే చెప్పింది, అత్తయ్య ఎప్పుడూ గోడకి వీపు ఆనించి, అందరి మొహాలూ కనపడే చోటే కూర్చుంటుందని. అందరిమీదా ఓ కన్నేసి ఉంచాలి కదా, అధికారం చెలాయించేవాళ్ళు అక్కడే కూర్చుంటారని హరిబాబు మనసులో అనుకున్నాడు.

మరుసటి వారం కళ్యాణ్ సామాను పట్టుకుని గజపతినగరం వచ్చాడు. హాలు పైకప్పుకి ఇంకా బోర్డులు వెయ్యలేదు, ఇనప చట్రం మాత్రమే ఉంది. రెండు స్పీకర్లని ఆ చట్రానికి తాత్కాలికంగా కట్టి, కింద ఆంప్లిఫయరు పెట్టి, ఫోను కలిపాడు. చిల్లులు కొయ్యకముందే చెవుల చేత ఒప్పించుకోవాలని అతని పద్ధతి. హాలు మధ్యలో ఒక కుర్చీ వేశాడు. అందులో ఒక్కొక్కరే కూర్చుని కళ్ళు మూసుకోవాలి. మాట ఏవైపునుంచి వస్తే అటు చెయ్యి చూపించాలి. పాటలతో తెలియదట, మనిషి మాటతోనే తెలుస్తుందట. అందుకని తన భార్య చేత, తన తండ్రి చేత ఊళ్ళ పేర్లు చదివించి ఫోనులో పెట్టుకున్నాడు.

ప్రదీప్ కూర్చున్నాడు, సరిగ్గా చూపించాడు. అరుణశ్రీ నవ్వుకుంటూ చూపించింది. హరిబాబు వద్దు వద్దంటూనే కూర్చుని, బొబ్బిలి కుడివైపునుంచి, సాలూరు ఎడమవైపునుంచి వచ్చాయని తేల్చాడు. చివరికి కోడలు బలవంతాన అనూరాధని కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకోడానికి ఆవిడ ఎందుకో చాలా ఇబ్బంది పడింది. మూసుకున్నాక ఆడగొంతు "పార్వతీపురం" అంటే చెయ్యి చక్కగా ఎడమవైపు లేచింది. తర్వాత మగగొంతు వచ్చింది. రాజాం, పాలకొండ, టెక్కలి అని వరసగా చదువుకుంటూ పోయింది. ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఇంకా మొదలెట్టలేదనుకుని ఓపిగ్గా కాచుకుని కూర్చుంది.

కళ్యాణ్ కంగారు పడ్డాడు. వైరు ఊడిందేమోనని నిచ్చెన ఎక్కాడు, ఊడలేదు. కుడివైపుది ఎడమకి, ఎడమవైపుది కుడికి మార్చాడు. లావు గొంతు పలికించే కోను దెబ్బతిందేమోనని చెవి ఆనించి విన్నాడు. నాకు బాగానే వినపడుతోంది కదా అన్నాడు ప్రదీప్. అమ్మ మనతో ఆటలాడుతోందని కూడా అన్నాడు. మళ్ళీ ఆడగొంతు పెడితే అనూరాధ చెయ్యి మళ్ళీ ఠక్కున లేచింది. మగగొంతుకి మళ్ళీ లేవలేదు.

హరిబాబు ఆవిడ కుర్చీ వెనకాలే నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఒళ్ళో ఉన్న ఆ చేతుల్నే చూస్తూ ఆలోచనలో పడ్డాడు. పొగరైతే స్పీకరు మీద ఎందుకు చూపిస్తుంది? స్పీకరు ఆవిడకి ఏం చేసింది? ఏ తల్లీ విని ఊరుకోలేని మాట ఒకటి వెతుక్కున్నాడు. తను రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నాడు. "సింధూరి వచ్చింది."

ప్రదీప్ గుమ్మం వైపు తిరిగాడు. అరుణశ్రీ మెట్ల దాకా పరిగెత్తింది. సింధూరి ఎవరో తెలియని కళ్యాణ్ కూడా అటే చూశాడు. అనూరాధ కదల్లేదు. కాసేపటికి ఎంతకీ ఏమీ వినపడక కళ్ళు తెరిచింది. అందరూ గుమ్మంవైపు చూస్తూ కనిపించారు. వెంటనే తనూ గుమ్మంవైపు చూసింది, అందరికంటే ముందే తనకి తెలిసినట్టు. అన్నాళ్ళుగా ఆవిడ ఈ ఇంట్లో ఎలా నెట్టుకొస్తోందో హరిబాబుకి అప్పుడు అర్థమయింది. గోడకి వీపు ఆనించి, అందరి మొహాలూ కనపడే చోటే ఎందుకు కూర్చుంటుందో కూడా అర్థమయింది.

అరుణశ్రీ మెట్ల దగ్గరనుంచి వచ్చి మామగారి మొహం చూసింది, అత్తగారి మొహం చూసింది. తెలివైన పిల్ల. కాఫీ తాగుదురుగాని రండని కళ్యాణ్‌నీ మొగుణ్ణీ కిందికి తీసుకుపోయింది.

హరిబాబు ఇంకో కుర్చీ లాక్కుని భార్యకి ఎదురుగా కూర్చున్నాడు. గట్టిగా మాట్లాడాలని తెలుసు, ఎలాగో తెలియలేదు. గొంతు పెంచబోతే మొదట కీచుమంది, తర్వాత పూడుకుపోయింది. మూడోసారికి మాట పడింది.

"నీకు ఇనపడ్డం నేదా?"

అనూరాధ ఉలిక్కిపడింది. అంత గొంతు ఆ మనిషిలో ఉందని ఆవిడకి తెలియదు. "ఆడోళ్ళ మాటలు బాగానే ఇనపడతాయండి. మగాళ్ళవే కాస్త మందం" అంది. పెద్ద వయసుకి అందరికీ వచ్చేదే కదా, దానికేముందన్నట్టు చీర కొంగు సర్దుకుంది.

"నాకెందుకు సెప్పలేదు?"

"మీరు మాటాడితే కదండీ" అంది.

ఆ తర్వాత ఆవిడ చెప్పిందంతా హరిబాబు తలవంచుకుని వినలేదు, తలెత్తుకునే విన్నాడు. సింధూరి తిరిగొచ్చిన రోజునుంచీ ఆయన తనతో మాట్లాడ్డం మానేశాడని ఆవిడ అనుకుంది. తన పుట్టింటివాళ్ళు తెచ్చిన సంబంధం, పిల్ల బతుకు అలా అయింది, ఆ కోపం న్యాయమైనదే అనుకుంది. కోడలి చేత మంచినీళ్ళు అడిగించుకున్నప్పుడల్లా ఇది నాకు పడాల్సిన శిక్షేలే అనుకుని ఊరుకుంది. ఇందులో సాధింపు లేదు, నిష్ఠూరం లేదు. ఇంటి సరుకులు ఏం అయిపోయాయో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ మామూలుతనానికి హరిబాబు తట్టుకోలేకపోయాడు.

"నేను కోపగించుకోలేదే" అని దాదాపు అరిచాడు. ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో తను నిలబడ్డ సంగతి, అన్న మాట, ఆవిడ అటు తిరిగి ఉండడం, మూకుట్లో నూనె, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. నీ తప్పు లేదన్న మాట రెండుసార్లు చెప్పాడు. మూడోసారి కూడా చెప్పాడు.

అనూరాధ ఆయన పెదాలవంకే చూస్తూ వింది. "అన్నారా? నిజంగానా?" అని అడిగింది. మొహంలో ఏదో ముడి విడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో ఆయనకి తెలియలేదు. ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళు పట్టిందేమిటని హరిబాబు తనని తాను తిట్టుకున్నాడు. ఒకసారి ఆవిడ ముందుకి వచ్చి నిలబడి ఉంటే చాలు కదా. భుజంమీద చెయ్యి వేసి ఉంటే చాలు కదా. ఇన్ని వేల బస్తాలు తూచినవాడికి ఇది తూచడం రాలేదు. అయినా ఇంకా మించిపోలేదనుకున్నాడు. రేపే విజయనగరం తీసుకెళ్ళి చెవి డాక్టరుకి చూపించాలి. రెండో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తే ఇద్దరి మనసులూ తేలికపడిపోతాయి. చెప్పడానికి నోరు తెరిచాడు.

ఆవిడే ముందు మాట్లాడింది.

"అన్నయ్యని సూసొస్తానన్నప్పుడు మీరు తలెత్తలేదు. ఏటీ అనలేదనుకున్నాను. తర్వాత కారెట్టుకుని అరుగుమీద కూకున్నారు. నేను గడప దాటకుండా కాపలా కూకున్నారనుకున్నానండి. అందుకే వంటింట్లోంచి కదల్లేదు." అక్కడ ఆగింది. ఆవిడ మొహంలో అంతకుముందు వచ్చిన వెలుగు తగ్గుతూ వచ్చింది. "ఆరోజు కూడా మీరు ఏదన్నా అన్నారా? నాకు ఇనపళ్ళేదా?"

హరిబాబుకి ఆ రోజు మళ్ళీ కళ్ళముందుకి వచ్చింది. వీధరుగు మీద తను కూర్చున్న ఆ పూటంతా లోపల ఆవిడ గిన్నెలు తోముతూ, తోమినవే మళ్ళీ తోముతూ ఉందన్నమాట. ఇద్దరికీ మధ్య ఒక గోడే అడ్డం. లక్ష్మణరావు ఆ రోజంతా బతికే ఉన్నాడు. చెల్లెలు వచ్చిందా అని ఎన్నిసార్లు అడిగాడో, కర్మకి వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే హరిబాబు విన్నాడు. అప్పుడు ఆయనకి భార్య మీద అసహ్యం వేసింది. ఇప్పుడు చెప్పుకోలేని సిగ్గు వేసింది.

అన్నాను, పద నేనూ వస్తాను అన్నాను అని ఒక్క మాట చెప్తే చాలు. మాట నిజం. కారు ఎందుకు పిలిపించాడో చెప్పడానికి డ్రైవరు కూడా ఉన్నాడు. ఆవిడ దృష్టిలో తను మళ్ళీ మంచివాడైపోతాడు. కానీ అన్న మొహం చివరిసారి చూసుకోలేకపోవడానికి తన చెవే కారణమని ఆవిడకి తెలుస్తుంది. మొగుడిమీద కోపమైతే ఏదో ఒకరోజు దిగుతుంది. నాలుగు మాటలు అనుకుంటే, నాలుగు రోజులు అన్నం పెట్టకపోతే దిగుతుంది. తనమీద తనకి వచ్చే కోపాన్ని ఆడమనిషి ఎక్కడ దింపుకుంటుంది? కళ్ళు మూసుకుని కూర్చున్న ప్రతిసారీ అది వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఆవిడ కళ్ళు ఆయన పెదాలమీదే ఉన్నాయి. ఏం చెప్తాడోనని భయపడుతున్నాయి.

"నేదు" అన్నాడు హరిబాబు. వీధిలోకి వినపడేంత గట్టిగా అన్నాడు. "నేనేటీ అన్లేదు. నువ్వడిగింది ఇనపడింది. ఇనపడ్డా ఊరుకున్నాను."

అనూరాధ పెద్దగా ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. ఆ ఊపిరి వెనకాలే కన్నీళ్ళు వచ్చాయి, అన్న పోయినప్పుడు నలుగురిలో రానివి ఇప్పుడు వచ్చాయి. కింద ప్రదీప్‌కీ కళ్యాణ్‌కీ వినపడి ఉంటుంది, కప్పుల చప్పుడు ఆగిపోయింది. హరిబాబు ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ వెనక్కి తీసుకుంది.

"ఒక్క మాట, ఎల్లు అని అంటే మీ సొమ్మేటి పోయిందండీ" అంది. "అన్నయ్య నాకోసం సూస్తా సూస్తా పోయేడు."

హరిబాబుకి తల దించుకోవాలనిపించింది. దించుకుంటే తనేమన్నదీ ఆవిడకి తెలియదు. అందుకని తలెత్తే ఉంచి, మీసం పైకి తోసుకుని, పెదాలు బాగా కనపడేలా చెప్పాడు.

"తప్పు నాదే, అనూరాధా."

ఈసారి ఆవిడకి ప్రతి అక్షరం వినపడింది. లేచి, ఆయనవైపు చూడకుండా, మెట్లు దిగి వెళ్ళిపోయింది.